సెప్టెంబరు మ్యాచ్‌లు మొదలయ్యేలోగా బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో దిగి బంతి విసిరే పిచర్ల బృందం) విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగు మిత్రులం కలిసి కంప్యూటర్‌పై నడుపుకుంటున్న అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ (జట్టు మేనేజర్‌గా ఆడే కంప్యూటర్ ఆట) లీగ్‌లో గత వారం జరిగినది చూసిన తర్వాత ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. డివిజన్‌లో ఆరు మ్యాచ్‌ల ఆధిక్యంతో నిశ్చింతగా ఉన్న ఒక జట్టు తన క్లోజర్‌ను (తొమ్మిది ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో ఆఖరున దిగి ఆధిక్యాన్ని కాపాడే పిచర్‌ను) వరసగా నాలుగు రోజులు బరిలోకి దించింది. వాటిలో రెండు మ్యాచ్‌లలో అతడు బంతి అందుకునే సమయానికే జట్టు ఆరేడు పరుగుల ముందంజలో ఉంది. అయిదో రోజు ఒకే ఒక్క పరుగును కాపాడవలసి వచ్చినప్పుడు అతడు రెండు హోమ్ రన్లు (మైదానం దాటే దెబ్బలు) ఇచ్చుకుని, మోచేతి గాయంతో మైదానం వీడాడు. ఈ సీజన్‌లో అతడిక ఆడడు. మన లీగ్ క్యాలెండర్‌లో సెప్టెంబరు వచ్చేస్తోంది, మిగిలిన జట్లలోనూ ఇదే పోకడ కనిపిస్తోంది.

అలసట సూచికను చూడండి, స్టార్టర్ (మ్యాచ్‌ను ఆరంభించే పిచర్) తడబడితే మార్చండి వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే: దాదాపు గెలిచేసిన మ్యాచ్‌లో మీ ఉత్తమ రిలీవర్‌ను (స్టార్టర్ తర్వాత దిగే పిచర్‌ను) వాడకండి. లీగ్‌లో జట్లు కూలిపోవడం చూసిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి మ్యాచ్ లాగ్ చదివితే, ఓడిన మ్యాచ్‌లో కాకుండా, దానికి ఒకటి రెండు రోజుల ముందు సునాయాసంగా గెలిచిన మ్యాచ్‌లోనే కారణం దొరుకుతుంది.

నిజమైన బేస్‌బాల్‌లో దీనికి 2016 వరల్డ్ సిరీస్‌ను (అమెరికా మేజర్ లీగ్ ఫైనల్‌ను) మించిన ఉదాహరణ లేదు. చికాగో కబ్స్ మేనేజర్ జో మాడన్ అయిదో మ్యాచ్‌లో తన క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్ చేత 42 పిచ్‌లు (బంతులు) వేయించాడు. ఆరో మ్యాచ్‌లో 7-2 ఆధిక్యం ఉండగా ఏడో ఇన్నింగ్స్‌లోనే అతడిని బరిలోకి దించి, ఆధిక్యం 9-2కు పెరిగిన తర్వాత కూడా తొమ్మిదో ఇన్నింగ్స్ ఆరంభంలో కొనసాగించాడు. మరునాటి ఏడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, అదే చాప్‌మన్‌పై రజాయ్ డేవిస్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి స్కోరును 6-6కు సమం చేశాడు. కబ్స్ పదో ఇన్నింగ్స్‌లో 8-7తో బయటపడ్డారు కనుక ఆ నిర్ణయాన్ని చాలామంది క్షమించారు. మన లీగ్‌లో అటువంటి అదృష్టాన్ని నమ్ముకుని మీ జట్టు సెట్టింగుల ఫైలు పంపవద్దు.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు ఈ పొరపాటు సహజంగానే వస్తుంది. అక్కడ ప్రధాన బౌలర్ చేత రెండు ఓవర్లు వేయించి, పక్కన పెట్టి, అవసరమైనప్పుడు మళ్ళీ బంతి చేతికివ్వవచ్చు. ఇక్కడ ఒకసారి బయటికి వెళ్ళిన పిచర్ ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాలేడు. పైగా అతడు వేసిన ప్రతి పిచ్ మరునాటి ఖాతాలో పడుతుంది. సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఉంటాయి, విశ్రాంతి దినాలు తక్కువ. ఆరు పరుగుల ఆధిక్యంలో వేసిన పద్దెనిమిది పిచ్‌లు, ఒక్క పరుగు ఆధిక్యంలో వేసిన పద్దెనిమిది పిచ్‌లు చేతిని ఒకే మేరకు అలసటకు గురిచేస్తాయి. వాటి వల్ల జట్టుకు కలిగే ప్రయోజనం మాత్రం ఒకటి కాదు.

దీనికి అనుబంధంగా మరొక భ్రమ ఉంది: మంచి పిచర్ అలసిపోయినా మంచి పిచరే అనుకోవడం. 2017 వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ రిలీవర్ బ్రాండన్ మారో ఏడు మ్యాచ్‌లలోనూ వేశాడు. అయిదో మ్యాచ్‌లో, వరసగా మూడో రోజు దిగినప్పుడు, ఆరే ఆరు పిచ్‌లలో నాలుగు పరుగులు ఇచ్చాడు. ఆ మ్యాచ్‌ను ఆస్ట్రోస్ 13-12తో గెలిచారు. అలసిన ఉత్తముని కంటే విశ్రాంతి తీసుకున్న మధ్యముడే మేలు. ఇక మ్యాచ్ నడిపే పని కంప్యూటర్‌ది అయినప్పుడు మీరు పెట్టిన సెట్టింగులే మేనేజర్ కనుక, వరసగా రెండు రోజులు వేసినవాడి పాత్రను మూడో రోజుకు ముందే మార్చి పెట్టండి.

సేవ్‌ల మోజు గురించి క్లుప్తంగా. సేవ్ అనేది స్వల్ప ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించిన పిచర్ పేరున పడే లెక్క, 1969 నుంచి అధికారిక గణాంకం, అంతే. దాని కోసం క్లోజర్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా దాచిపెట్టడం కూడా తప్పే. 2016 వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో (ఓడితే సీజన్ ముగిసే నాకౌట్‌లో) బాల్టిమోర్ జట్టు తన క్లోజర్ జాక్ బ్రిటన్‌ను బుల్‌పెన్‌లోనే కూర్చోబెట్టి పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయింది. అయితే మన లీగ్‌లో దాచిపెట్టి చెడినవారు తక్కువ, దుబారా చేసి చెడినవారే ఎక్కువ.

ఇక మిగిలినవి. మూడు పరుగులకు మించిన ఆధిక్యంలో క్లోజర్‌ను వార్మప్‌కు కూడా లేపవద్దు. అయిదు పరుగులు వెనుకబడి ఉన్నప్పుడు సెటప్ పిచర్‌ను (క్లోజర్‌కు ముందు దిగేవాడిని) పంపవద్దు. ఓటమి భారాన్ని మోయడానికే లాంగ్ రిలీవర్ (ఎక్కువ ఇన్నింగ్స్ వేసేవాడు) ఉన్నాడు. 2020 నుంచి అమలులో ఉన్న నిబంధన మేరకు రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగిసేదాకా వేయాలి. కాబట్టి ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసమని ఎడమచేతి స్పెషలిస్టును దించకండి, తర్వాతి ఇద్దరినీ చూసుకోండి. సెప్టెంబరులో జట్టు 26 నుంచి 28కి పెరుగుతుంది. ఆ అదనపు స్థానాల్లో ఒకదానిని అలసట లేని పిచర్‌కే ఇవ్వండి, బెంచిపై మరో బ్యాటర్ కోసం ఆశపడవద్దు. ప్లేఆఫ్‌లలో (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలలో) అదనపు ఇన్నింగ్స్‌కు రెండో బేస్‌పై రన్నర్‌ను ఉంచే నియమం వర్తించదు, మ్యాచ్ పదిహేను ఇన్నింగ్స్‌లకు సాగవచ్చు. ఆఖరి పిచర్‌ను పదో ఇన్నింగ్స్‌లోనే ఖర్చు చేయవద్దు. నిన్న ముప్పై పిచ్‌లు వేసినవాడిని ఈరోజు ముట్టుకోవద్దు. దసరాకు ఊరెళ్ళే హడావుడిలో మడివాళలో బస్సెక్కుతూ ఫోన్‌లో పాత సెట్టింగులతోనే ఫైలు పంపేవారు ప్రతి ఏడూ ఉంటారు. వారం రోజుల మ్యాచ్‌లు ఒకేసారి నడుస్తాయని, మధ్యలో మీ క్లోజర్‌ను ఆపే నాథుడు ఉండడని గుర్తుంచుకుని, ప్రయాణానికి ముందురోజే కూర్చుని ప్రతి రిలీవర్ పాత్రనూ సరిచూడండి. డబుల్ హెడర్ ఉన్న రోజున మొదటి మ్యాచ్‌లో ఇద్దరికి మించి రిలీవర్లను వాడవద్దు. ఎనిమిది పరుగులు వెనుకబడితే ఫీల్డర్ చేత పిచింగ్ చేయించండి, నియమం అనుమతిస్తుంది, నామోషీ పడకండి. స్టార్టర్ మూడోసారి అదే బ్యాటింగ్ వరసను ఎదుర్కొనేలోపు ఎవరిని దించాలో తేల్చుకోండి. ఏడు పరుగుల ఆధిక్యంలో ఉన్నారా? క్లోజర్ పేరుపై నొక్కకండి.