సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు: వీడియో, ఫొటో ఫైళ్ల తిప్పలు

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అవుతుందా, ఇక బుధవారం నుంచి మా విజయనగరంలో నా షాపుకి ఒకటే ఫిర్యాదు. "బాబూ, డప్పులు వినబడుతున్నాయి గానీ బొమ్మ రావట్లేదు." ఫోన్‌లో చూస్తే సిరిమాను శుభ్రంగా కనిపిస్తుంది, అదే వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే నల్లటి తెర. పెళ్లిళ్ల సీజన్‌లోనూ ఇదే కథ, డప్పుల బదులు సన్నాయి.

ముందు ఒక్క పని చేసి రండి. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఫోన్‌లో ఆ వీడియో సైజు ఎంత, పెన్‌డ్రైవ్‌లో ఎంత, రెండూ చూడండి. అక్కడ 900 ఎంబీ ఉండి ఇక్కడ 340 ఉంటే మీకు వచ్చిన రోగం ఏమీ లేదు, కాపీ అవుతుండగానే పెన్‌డ్రైవ్ పీకేశారు. మళ్లీ కాపీ చేసి, ఇజెక్ట్ కొట్టి తీయండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పని ఇక్కడే అయిపోతుంది. ఫైలు మరీ పెద్దదని అసలు కాపీయే చేయనంటే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉన్నట్టు, అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించి పట్టదు. లోపలున్నవి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ని చదవకపోతే వీడియోని రెండు ముక్కలు చేయక తప్పదు.

సైజు సరిపోయింది, అయినా బొమ్మ రాలేదు. ఇదిగో, నన్ను ఏడిపించింది ఇదే.

మా మేనమామ కూతురి పెళ్లి వీడియో ఎడిట్ చేసింది నేనే, చివర ఎక్స్‌పోర్ట్ కొట్టింది కూడా నేనే. బొబ్బిలిలో వాళ్లింట్లో చుట్టాలంతా టీవీ ముందు కూర్చున్నాక తాళికట్టు దగ్గర మేళం మోగుతోంది, తెర మాత్రం నలుపు. పెన్‌డ్రైవ్ పోయిందనుకుని మూడు పెన్‌డ్రైవ్‌లు మార్చాను, ఫార్మాట్ చేశాను, టీవీ అప్‌డేట్ చేశాను, ఆఖరికి సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని కూడా రాశాను. "ఏటిరా, ఫొటో స్టూడియో అంటావు" అని మామయ్య అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

సంగతేమిటంటే, ఎంపీ4 అనేది కేరేజీ మాత్రమే. లోపల ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో సౌండ్ ఉంటాయి. ఏ గిన్నెలో ఏం వండి పెట్టారో కేరేజీ పేరు చూస్తే తెలియదు. బొమ్మని కుదించి పెట్టే పద్ధతినే కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264ని దాదాపు ప్రతి టీవీ, ట్యాబ్, కంప్యూటర్ ఆడిస్తాయి. 2013లో వచ్చిన హెచ్.265 అలా కాదు. దీన్నే హెచ్‌ఈవీసీ అంటారు. ఇంచుమించు అదే క్వాలిటీని సగం సైజులో ఇస్తుంది కాబట్టి ఫోన్లు దీన్ని ఇష్టపడతాయి, ఐఫోన్లలో 2017 నుంచి ఇదే వాడుక, ఆండ్రాయిడ్‌లోనూ చాలావాటికి హై ఎఫిషియెన్సీ అనే ఆప్షన్ ఉంటుంది. పాత టీవీ చిప్‌కి ఇది తెలియదు. సౌండ్ గిన్నె తెరుచుకుంటుంది, బొమ్మ గిన్నె తెరుచుకోదు. నేను చేసిన తప్పు ఇంకో మెట్టు పైది, హెచ్.265లోనే రంగుల ఛాయలు ఎక్కువ పట్టే 10 బిట్ రకం పెట్టాను. మామూలు 8 బిట్ హెచ్.265 ఆడించే టీవీ కూడా 10 బిట్ దగ్గర చేతులెత్తేయవచ్చు.

కనిపెట్టడం ఒక్క నిమిషం పని. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో ఆ వీడియో తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కండి, కోడెక్ వివరాలు వస్తాయి. అక్కడ హెచ్‌ఈవీసీ అని గానీ హెచ్.265 అని గానీ ఉంటే దొంగ దొరికినట్టే. చూడాల్సింది కంప్యూటర్‌లోనే అయితే ఇంకేమీ చేయక్కర్లేదు, ఆ వీఎల్‌సీలోనే చూసేయండి, దానికి కావలసినవన్నీ లోపలే ఉంటాయి. టీవీ కోసమైతే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్ ఎంచుకుని, వీడియో ట్యాబ్‌లో కోడెక్ హెచ్.264 అని ఉందో లేదో చూసి స్టార్ట్ నొక్కండి. పాత కంప్యూటరైతే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. అసలు ఫైలు మాత్రం చెరపొద్దు. ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్లలోకి ఇంటి పెళ్లి వీడియో ఎక్కించడం నాకు నచ్చదు, పైగా మన నెట్ స్పీడుకి అది ఎప్పటికి ఎక్కేను.

ఇకముందు ఈ గోల వద్దనుకుంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటబుల్ పెట్టండి. ఫైళ్లు పెద్దవవుతాయి. సెకనుకి 60 ఫ్రేముల 4కే వీడియో కావాలంటే మాత్రం హై ఎఫిషియెన్సీలోనే ఉండాలి.

ఫొటో జేపీజీయే, సైటు తీసుకోవట్లేదు.

ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ చివరి తేదీ సాయంత్రం వచ్చే టెన్షన్ ఇది. ఇదీ పై జబ్బుకి తమ్ముడే. ఐఫోన్ ఫొటో హెచ్‌ఈఐసీ అనే వేరే రకం ఫైలు, అప్లికేషన్ పెట్టే పిల్లాడు పేరు చివర జేపీజీ అని మార్చి తెస్తాడు. పేరు మారితే లోపల సరుకు మారదు. పైగా విండోస్ ఫైలు పేరు చివరుండే అసలు తోకని దాచేస్తుంది, మనకి జేపీజీ అని కనబడేదాని వెనక హెచ్‌ఈఐసీ అలాగే ఉంటుంది. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. ఇంకా అనుమానముంటే ఫొటోని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గీతల్లా వస్తుంది, భయపడకండి, మొదటి వరుస చూడండి చాలు. అక్కడ హెచ్‌ఈఐసీ అనో, పీఎన్‌జీ అనో, వెబ్‌పీ అనో అక్షరాలు కనబడతాయి. సేవ్ చేయకుండా మూసేయండి.

పీఎన్‌జీ, వెబ్‌పీ అయితే పెయింట్‌లో తెరిచి సేవ్ యాజ్‌లో జేపెగ్ ఎంచుకోండి. హెచ్‌ఈఐసీ అయితే విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లనే అదనపు సాఫ్ట్‌వేర్లు వేసుకోవాలి, వాటిలో హెచ్‌ఈవీసీది మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు కట్టి కొనాల్సింది. అంతకంటే ఆ ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా కాకుండా మామూలు ఫొటోగా పంపించుకుంటే జేపీజీ అయి వస్తుంది. క్వాలిటీ కొంచెం తగ్గుతుంది, కానీ అప్లికేషన్‌కి 50 కేబీ ఫొటో అడిగేచోట దానికి బాధ దేనికి. పేరు చివర జేఎఫ్‌ఐఎఫ్ అని ఉండే ఫొటో ఒక్కటే మినహాయింపు, అది లోపల జేపెగ్గే కాబట్టి పేరు మారిస్తే సరిపోతుంది.

అరుదైనవి రెండున్నాయి. బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే సౌండ్ గిన్నెలో టీవీకి తెలియని డీటీఎస్ లాంటి కోడెక్ ఉండొచ్చు, హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియో కోడెక్‌ని ఏఏసీకి మార్చండి. రికార్డింగ్ మధ్యలో ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోతే లోపల ఏది ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలుకి రాయబడదు, అప్పుడు ఏ ప్లేయరూ తెరవదు. అన్‌ట్రంక్ అనే టూల్‌కి అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే ఒక్కోసారి లేస్తుంది. అందుకని అలాంటి ఫైలు తెచ్చేవాళ్లు ఆ ఫోన్ కూడా తీసుకురండి.