కోర్టు సమన్లు వచ్చాయా? పక్కన పడేస్తే ఏమవుతుంది, ఇప్పుడేం చెయ్యాలి

మన తిరుపతి, చిత్తూరు వైపు కోర్టు కాగితం వచ్చిందంటే చాలు, ఇల్లంతా టెన్షన్. పరువు పోతుందని కొందరు బీరువాలో దాచేస్తారు, ఇంకొందరు "తీసుకోకపోతే కేసే నిలబడదు" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెనక్కి పంపేస్తారు. సమన్లు శిక్ష కాదు. ఫలానా రోజు రండి, మీ మాట కూడా వింటాం అని కోర్టు పిలవడం, అంతే. పోకపోతేనే నష్టం.

సమస్య: అమీనా (కోర్టు కాగితాలు అందించే ఉద్యోగి) కాగితం ఇచ్చిపోయాడు, అదేమిటో అర్థం కాలేదు

ముందు పైన కేసు నంబరు చూడండి. ఓ.ఎస్. అని ఉంటే సివిల్ దావా: ప్రోనోటు, పొలం గట్టు, భాగపంపకాలు ఇలాంటివి. సి.సి. అని ఉంటే క్రిమినల్. తర్వాత మీ పేరు పక్కన ప్రతివాది అని ఉందా, ముద్దాయి అనా, సాక్షి అనా చూడండి, ఎందుకంటే మూడింటికీ చెయ్యాల్సిన పని వేరు. చివరగా కోర్టు పేరు, ఊరు, వాయిదా తేదీ. మన జిల్లా తిరుపతి కదా అని తిరుపతి కోర్టుకే పోయి కూర్చోవద్దు, కాగితంలో చిత్తూరు అనో శ్రీకాళహస్తి అనో ఉంటే అక్కడికే పోవాలి. సివిల్ సమన్లకు దావా కాపీ జతచేసి ఉంటుంది, దాన్ని పారేయకండి, లాయరు మొదట అడిగేది అదే.

సమస్య: సంతకం పెట్టకుండా పంపేశాం

దానివల్ల కేసు ఆగదు. తీసుకోనంటే అమీనా కాపీని ఇంటి తలుపుకు అంటించి, ఆ సంగతి రాసి కోర్టుకు తిప్పి పంపుతాడు. రిజిస్టర్డ్ పోస్టు తిరగ్గొట్టినా అందినట్టే లెక్క వెయ్యొచ్చు. మీరు బెంగళూరులో పనిచేస్తూ ఊళ్లో అమ్మ ఒక్కతే ఉందనుకోండి, మీరు దొరకడం లేదని తేలితే కోర్టు పేపర్లో ప్రకటన కూడా వేయించవచ్చు. పరిష్కారం ఒకటే: లాయరును పెట్టి కేసు నంబరుతో వాయిదా ఎప్పుడో కనుక్కోండి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు నంబరు కొట్టినా తేదీ కనబడుతుంది.

సమస్య: సివిల్ కేసు, వాయిదా దాటిపోయింది

ఎక్కువమంది మునిగిపోయేది ఇక్కడే. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వెయ్యాలి, సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. మీరు పోలేదంటే ఎక్స్‌పార్టీ చేసి అవతలివాళ్ల మాట మాత్రమే విని డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చేస్తారు. అప్పు తీర్చేసి, ప్రోనోటు వెనక్కి తీసుకోని వాళ్లు ఎంతమందో, తీర్చినట్టు రసీదులు చేతిలో ఉండి కూడా చూపించడానికి పోక, అదే అప్పు వడ్డీతో మళ్లీ నెత్తిన వేసుకుంటారు! తర్వాత ఈ.పి. (డిక్రీ అమలు చేయమని పిటిషన్) వేస్తారు, జీతంలో కొంత భాగం, భూమి జప్తు దాకా పోతుంది.

డిక్రీ ఇంకా రాకపోతే వచ్చే వాయిదాకే పోయి, ముందు ఎందుకు రాలేదో చెప్పి ఎక్స్‌పార్టీ ఉత్తర్వు తీసేయమని అడగాలి. డిక్రీ వచ్చేసుంటే దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లో పిటిషన్ వెయ్యాలి. సమన్లే సరిగా అందలేదంటే మాత్రం డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. గడువు దాటినా ఆలస్యం మన్నించమని అడగొచ్చు, కానీ ఆసుపత్రి కాగితాల్లాంటి రుజువు ఉండాలి. ఊరికే "తెలీదు సార్" అంటే కుదరదు.

సమస్య: చెక్కు కేసులోనో, వేరే క్రిమినల్ కేసులోనో పోలేదు, వారెంట్ వచ్చింది

ముద్దాయి రాకపోతే మామూలుగా ముందు బెయిలబుల్ వారెంట్ (జామీను ఇస్తే వదిలేసేది), అప్పటికీ రాకపోతే నాన్ బెయిలబుల్. ఆరు నెలలు ఊరుకుంటే అదే పోతుందనుకుంటారు. పోదు, కోర్టు రద్దు చేసేదాకానో, పోలీసులు అమలు చేసేదాకానో అలాగే ఉంటుంది. గంగ జాతరకు ఊరొచ్చిన మనిషిని ఇంటి ముందునుంచి తీసుకుపోతే ఆ ఇంటి పరిస్థితి ఏంటో ఆలోచించండి. ఇంకా తప్పించుకుంటే పరారీలో ఉన్నాడని ప్రకటన, ఆస్తి జప్తు. కోర్టు పిలిచినా కావాలని రాకపోవడమే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 208 సెక్షన్ కింద వేరే నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ.

పోలీసులు రాకముందే లాయరుతో పాటు మీరే కోర్టుకు పోయి వారెంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వెయ్యండి, జామీనుదారులను సిద్ధం చేసుకుని పోండి. తనంతట తాను వచ్చినవాణ్ని, పట్టుకొచ్చినవాణ్ని కోర్టు ఒకేలా చూడదు. చెక్కు కేసైతే రాజీకి ఎప్పుడైనా దారి ఉంటుంది, లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు.

సాక్షిగా పిలిస్తే భయమెందుకు, పోయి చూసింది చెప్పి రండి. ఒంట్లో బాగలేకపోతే ముందే కబురు చేయండి.

సమస్య: వాట్సాప్‌లో సమన్లు వచ్చాయి, డబ్బు కట్టమంటున్నారు

కొత్త క్రిమినల్ చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) ప్రకారం కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్‌గా కూడా రావచ్చు, కానీ ఫోన్లో డబ్బు వేయమని ఏ కోర్టూ అడగదు, వీడియో కాల్‌లో అరెస్టు అనేది చట్టంలోనే లేదు. రూపాయి వేయకండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి.

సమస్య: లాయరుకు ఇచ్చే స్తోమత లేదు

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా వాయిదాకు కొన్ని రోజుల ముందే సమన్లు, ఆధార్ పట్టుకుని దగ్గర్లోని కోర్టులో వాళ్ల ఆఫీసుకు పోండి.