తిరుపతి ఎండల్లో పుట్టగొడుగు కోరల్ పెంచడం ఎలా?

ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందు లైట్లు చూస్తారు. మన తిరుపతిలో ముందు చూడాల్సింది ట్యాంకు పెట్టే గది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట, 25 డిగ్రీల నీళ్లు కోరుకునే జీవిని పెంచబోతున్నాం మరి.

కొత్తవాళ్లకు నేను చెప్పేది సార్కోఫైటాన్ అనే మెత్తటి పగడం, పుట్టగొడుగు కోరల్ అంటే ఇదే. లావుపాటి కాడ, పైన గొడుగు, దాని నిండా చిన్న చిన్న పువ్వుల్లాంటి పాలిప్‌లు. రాతి పగడాలు, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాల జోలికి మాత్రం పోవద్దు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సార్కోఫైటాన్ అయినా ట్యాంకులో ముక్క కోసి పెంచినదే అడిగి, బిల్లు తీసుకోండి.

ముందు నీళ్లు. బోరు నీళ్లు వద్దు, బిందె అడుగున కట్టే తెల్లటి పొర చాలు ఎందుకో చెప్పడానికి. కల్యాణి డ్యాం నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా కొళాయి నుంచి నేరుగా పోయొద్దు. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలపండి. వంటింటి ఉప్పు పనికిరాదు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 చూపాలి.

పొడి రాళ్లు పేర్చి, బ్యాక్టీరియా కల్చర్ వేసి, కనీసం 4 నుంచి 6 వారాలు ఆగండి. నీళ్లలో ఏర్పడే విషాలు, అంటే అమోనియా, నైట్రైట్ సున్నాకి రావాలి. ఈ ఆగడమే అందరికీ కష్టం.

ఇక వేడి. నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఫిబ్రవరిలో అది చాలు, మే నెలలో చాలదు. గదికి ఏసీ కానీ, ట్యాంకుకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ కానీ ఉండాల్సిందే. ఆ ఖర్చు భరించలేమనుకుంటే ట్యాంకు ఆలోచనే వాయిదా వేయండి, మొహమాటం అక్కర్లేదు. ఫ్యాన్‌తో ఇంకో చిక్కు ఉంది: నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అందుకే తగ్గినంత మేర రోజూ ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతే నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ పంపు ఆగకుండా ఇన్వర్టర్‌కి కలపండి.

చెన్నైలోని కొళత్తూరు అక్వేరియం మార్కెట్ నుంచి కోరల్ తెచ్చుకునేవాళ్లు థర్మోకోల్ పెట్టె పట్టుకెళ్లి, సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరండి. ఇంటికొచ్చాక కవరును అరగంట ట్యాంకులో తేలనిచ్చి, మరో గంటసేపు ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. కవరులోని నీళ్లు పారబోసి, కోరల్‌ని మొదట కింది వరసలో, మధ్యరకం వెలుతురులో పెట్టండి. ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు) వెలుతురుతో దీనికి చాలావరకు తిండి పెడతాయి. మీరు ప్రత్యేకంగా మేపక్కర్లేదు.

ఒకరోజు గొడుగు ముడుచుకుంటుంది, పైన మైనంలా పొర కడుతుంది. నాకు మొదటిసారి ఎంత టెన్షనో! చచ్చిపోయిందనుకుని తీసి పారేయబోయాను. అది కుబుసం విడవడం లాంటిది. వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. నీటి ప్రవాహం కాస్త పెంచితే పొర కొట్టుకుపోతుంది. మెత్తబడి, కుళ్లు వాసన వస్తేనే బయటికి తీయండి.

ఇది పక్కనున్న జీవుల మీద రసాయనాలు వదులుతుంది కాబట్టి ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచి, నెలకోసారి మార్చండి. వారానికి పదో వంతు నీళ్లు మార్చండి. గొడుగు అరచేతిని మించి పెరిగాక, గ్లవుజులు వేసుకుని కొత్త బ్లేడుతో అంచు నుంచి ఒక ముక్క కోసి, చిన్న రాయికి రబ్బర్ బ్యాండ్‌తో వదులుగా కట్టండి. కొన్ని వారాల్లో ఆ ముక్క తనంతట తానే రాయిని పట్టుకుంటుంది. ఈలోగా తల్లి గొడుగు ముడుచుకున్నా కంగారుపడకండి.