ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే నడుస్తున్నారా? ముందు గేట్ల దగ్గర చూడండి

ఎక్కడికెళ్లినా ఒకటే ఫిర్యాదు. "లక్షలు పోసి ఫుట్‌పాత్ వేశాం సార్, ఒక్కరూ ఎక్కరు. మనవాళ్లకి సివిక్ సెన్స్ లేదు." కార్పొరేటర్ అదే అంటారు, కాలనీ సంఘం అదే అంటుంది, టైల్స్ పరిచిన కాంట్రాక్టరూ అదే అంటాడు. పోనీ మీరు దాని మీద ఓ వంద మీటర్లు నడిచి చూశారా అంటే మాత్రం అందరూ పక్కకి చూస్తారు.

కాబట్టి మొదటి పని ఇదే. చక్రాల సూట్‌కేస్ ఒకటి నిండుగా సర్ది తీసుకోండి. సాయంత్రం ఆరున్నరకి వెళ్లండి. పొద్దున్నే వెళ్తే షాపులు తెరిచి ఉండవు, అంతా బాగానే కనిపిస్తుంది. ఫుట్‌పాత్ ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా సూట్‌కేస్ లాక్కుంటూ నడవండి. రోడ్డు మీదకి దిగాల్సి వచ్చిన ప్రతిచోటా, సూట్‌కేస్ చేత్తో ఎత్తాల్సి వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టండి. ఆ గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ముప్పాతిక విషయం తెలిసిపోతుంది. ఇది చేయకుండా ఏ రంగు టైల్ వేయమంటారు, ఎన్ని బొల్లార్డులు (బండ్లు రాకుండా నాటే పొట్టి స్తంభాలు) పెట్టమంటారు అని అడిగేవాళ్లకి జవాబు చెప్పడం నేను మానేశాను.

లక్షణం 1: ఫుట్‌పాత్ ఖాళీ, జనం తారు అంచున

గీతలు చెట్టు దగ్గర, కరెంటు స్తంభం దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర పడితే అది వెడల్పు సమస్య. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) నడిచేవాళ్ల కోసం రాసిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103 ప్రకారం ఇళ్ల వీధుల్లో కూడా అడ్డం లేని నడక జాగా 1.8 మీటర్లు ఉండాలి, తల మీద 2.2 మీటర్ల వరకు ఏదీ వేలాడకూడదు. కాగితం మీద చూస్తే అందరిదీ "ఆరడుగుల ఫుట్‌పాతే". అది గోడ నుంచి కర్బు రాయి, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి దాకా కొలిచిన లెక్క. మీరు టేపు పట్టాల్సింది గోడకీ స్తంభానికీ మధ్య. అక్కడ రెండున్నర అడుగులుంటే మీ ఫుట్‌పాత్ రెండున్నర అడుగులదే. స్తంభాలు, చెట్లు, బోర్డులు అన్నీ రోడ్డు వైపు అంచున ఒకే పట్టీలోకి రావాలి. కదల్చలేని ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అక్కడ ఫుట్‌పాత్‌నే రోడ్డులోకి కాస్త జరపండి, ఒక కారు పార్కింగ్ పోతుంది, పోనివ్వండి.

తోపుడు బళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు వాళ్ల మీదే పడతారు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, వాళ్లకి జాగా చూపించే బాధ్యత పట్టణ వెండింగ్ కమిటీది. అది అలా ఉంచితే, నేను చూసినంతవరకు బండి సాధారణంగా జనం ముందే వదిలేసిన ఫుట్‌పాత్ మీదకే వస్తుంది. మల్లెపూల బుట్టని లేపేసి చూడండి, రెండు రోజులకి అదే చోట కార్లు ఆగుతాయి. నడిచేవాళ్లు మాత్రం తిరిగి రారు.

ఇక సుద్ద గీతలు ఒక్కో గేటు దగ్గరా పడితే? అసలు దొంగ కారణం ఇదే. ఫోటోలో ఇది కనిపించదు. టైల్స్ కొత్తగా ఉంటాయి, వెడల్పు ఉంటుంది, ఎవరి బండీ అడ్డం ఉండదు. అయినా ఎవరూ ఎక్కరు.

ఇది ఎలా మొదలవుతుందంటే, డిజైన్ మీటింగులో ఎవరో ఒకరు "బైకులు ఎక్కకుండా అడుగు ఎత్తు లేపండి" అంటారు. అందరికీ నచ్చుతుంది. కర్బు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఐఆర్‌సీ చెప్పినా, 300 దాకా లేపుతారు. కానీ ప్రతి ఇంటికీ గేటు ఉంది, గేటులోంచి కారు రావాలి. అందుకని గేటు గేటుకీ ఫుట్‌పాత్‌ని రోడ్డు మట్టానికి దించి, అవతల మళ్లీ లేపుతారు.

ఒక్కసారి లెక్క వేయండి. ముప్పై అడుగుల ముఖం ఉన్న ప్లాటు, అంటే 9 మీటర్ల పైచిలుకు. గేటు 3 మీటర్లు. వీల్‌చైర్ ఎక్కగలిగే వాలు 1:12, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. అడుగు ఎత్తు నుంచి దిగడానికి 3.6 మీటర్లు, మళ్లీ ఎక్కడానికి 3.6 మీటర్లు. గేటుతో కలిపి 10.2 మీటర్లు. ప్లాటే అంత లేదు! చదునుగా నడిచే జాగా ఒక్క అడుగు కూడా మిగలదన్నమాట. సైటులో ఏం జరుగుతుందంటే, మేస్త్రీ ఆ 3.6 మీటర్లని మీటరులో తేల్చేస్తాడు, లేదా రెండు మెట్లు కట్టి వదిలేస్తాడు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరు పాల ప్యాకెట్ కోసం బయల్దేరారనుకోండి. మొదటి గేటు దగ్గర దిగి ఎక్కుతారు. రెండో గేటు దగ్గర గోడ పట్టుకుని దిగుతారు. మూడో గేటు దగ్గర దిగాక ఇక ఎక్కరు, రోడ్డు అంచునే పోతారు. ఆ తర్వాత యాభై మీటర్ల ఫుట్‌పాత్ అద్దంలా ఉన్నా ఆవిడకి అనవసరం. అందుకే బాగున్న ముక్క కూడా ఖాళీగా కనిపిస్తుంది, చూసినవాళ్లు సివిక్ సెన్స్ అంటారు.

పరిష్కారం మాట ఒక్కటే. నడిచే మనిషి దిగకూడదు, కారే ఎక్కాలి. ఫుట్‌పాత్ 150 మిల్లీమీటర్లకి మించకుండా, వీలైతే 100కే, గేటు ముందు కూడా అదే మట్టంలో నేరుగా సాగాలి. కారు ఎక్కే వాలు రోడ్డు వైపు అంచు పట్టీలోనే, రెండు మూడు అడుగుల్లో అయిపోవాలి. చెట్లు, స్తంభాలు ఉండే పట్టీ అదే. నెదర్లాండ్స్‌లో ఇందుకోసమే వాలుగా పోతపోసిన కర్బు రాళ్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. కోపెన్‌హాగన్‌లో చాలాచోట్ల పక్క సందులు కలిసే దగ్గర కూడా ఫుట్‌పాత్ తెగదు, కారే దాన్ని దాటి వస్తుంది. మన దగ్గర మామూలు కర్బుని పడుకోబెట్టి కాంక్రీటుతో వాలు పోసినా పని జరుగుతుంది.

"సార్, కారు కింది భాగం తగులుతుంది" అని ఇంటాయన కచ్చితంగా అంటాడు. వాదించకండి. ఇసుక బస్తాలు, ఒక మందపాటి చెక్క తెచ్చి ఆయన గేటు ముందే అదే వాలు పెట్టి, ఆయన కారే ఆయన చేతే ఎక్కించండి. ఒకవేళ తగిలిందే అనుకోండి, పట్టీ ఇంకో అడుగు పెంచండి. కాంక్రీటు పోసేముందు తెలిసింది కదా, మంచిదే.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. తర్వాత దెబ్బతినేది మట్టాల దగ్గర. ఫుట్‌పాత్ ఎత్తుని రోడ్డు మధ్య గీత నుంచి లెక్కగట్టి గీసేస్తారు. గేట్ల గడపలు ఆ లెక్కలో ఉండవు. ఒకాయన గడప రోడ్డు కంటే అడుగున్నర పైన, పక్కాయన పాత ఇల్లు రోడ్డు కంటే కింద. ఎత్తు గడప ఉన్నాయన తన ర్యాంపుని ఫుట్‌పాత్ మీదకి నాలుగడుగులు దించుకుంటాడు. దాంతో మీరు చదునుగా వేసిందల్లా అడ్డంగా వాలిపోతుంది. అడ్డం వాలు 2 శాతం దాటితే సూట్‌కేస్ రోడ్డు వైపుకి లాగుతుంది, మీ చేతికే తెలుస్తుంది.

కాబట్టి డిజైన్‌కి ముందు ఒక పూట కేటాయించి ప్రతి గేటు గడప, ప్రతి మ్యాన్‌హోల్ మూత, తారు అంచు మట్టాలు తీయించండి. ఆటో లెవెల్ (మట్టాలు కొలిచే పరికరం) లేకపోతే మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన లెవెల్ పైపు ఉంటుంది, ఇద్దరు మనుషులు చాలు. ఆ అంకెలన్నీ ఒక పొడవాటి కాగితం మీద వరసగా పెట్టి, గడపలకి దగ్గరగా పోయే ఒకే గీత గీయండి. అదే మీ ఫుట్‌పాత్ మట్టం. రోడ్డు దానికి సర్దుకోవాలి. మరీ ఎత్తుగా ఉన్న ఒకటి రెండు గడపలకి ర్యాంపు కాంపౌండు లోపలే కట్టించాలి. కాంప్లెక్సుల సెల్లార్ ర్యాంపులూ అంతే, వాలు మొదలవ్వాల్సింది వాళ్ల స్థలంలో. ఆ మాట అనుమతి కాగితాల దశలో చెప్పకపోతే తర్వాత ఎవరూ వినరు.

గడపలు అంత ఎత్తు ఎందుకు పెడతారు? "రేపు రోడ్డు లేస్తుంది" అని భయం. ఆ భయంలో తప్పేం లేదు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతారు. ఒక్కో పొర 40 మిల్లీమీటర్లు అనుకున్నా మూడు పొరలకి 120. 150 కర్బులో మిగిలింది 30. అప్పుడు బైకులు ఎక్కుతాయి, వాన నీళ్లు ఫుట్‌పాత్ మీదకొస్తాయి. వెంటనే ఎవరో ఒకరు ఫుట్‌పాత్‌ని ఇంకో అడుగు లేపమంటారు, గేట్ల గోల మళ్లీ మొదటికొస్తుంది. తారు పని టెండర్ పడినప్పుడు ఎస్టిమేట్‌లో మిల్లింగ్, అంటే పాత తారు గీకే ఐటమ్ ఉందో లేదో చూడండి. ఉండి కూడా చేయకపోతే, పని జరిగే రాత్రి కర్బు దగ్గర స్కేలు పెట్టి ఫోటో తీసి పంపండి. ఫోటో తర్వాత ఫోన్ చేయడం మర్చిపోవద్దు.

ఇంకో చిన్న పరీక్ష: గేట్ల ముందు గట్టర్‌లో ఇనప రేకులు, సిమెంటు ముద్దలు కనిపిస్తున్నాయా? అంటే కారు వాలు అధికారికంగా ఎవరూ ఇవ్వలేదు, జనమే కట్టుకున్నారు. వాన నీళ్లు డ్రైన్ జాలీ దాకా పోలేక అక్కడే నిలుస్తాయి. రేకు తీయిస్తే వారంలో మళ్లీ పెడతారు. వాలు మీరే సరిగ్గా ఇవ్వండి.

ఇప్పటికే అడుగు ఎత్తున కట్టేసి ఉంటే? గేట్లు దూరదూరంగా ఉన్న మెయిన్ రోడ్డు అయితే గేట్ల దగ్గరి ముక్కలే సరిచేయండి. ముప్పై అడుగులకో గేటున్న ఇరుకు కాలనీ వీధి అయితే నా సలహా, ఫుట్‌పాత్ మొత్తం తీసేయండి. అవును, తీసేయమనే అంటున్నాను. ఆ వీధిలో యాభై మీటర్లకో వెడల్పాటి స్పీడ్ టేబుల్ (పైన చదునుగా ఉండే స్పీడ్ బ్రేకర్) వేసి బండ్ల వేగం తగ్గిస్తే జనం రోడ్డు మీదే నిశ్చింతగా నడుస్తారు. ఎలాగూ అక్కడే నడుస్తున్నారు.

లక్షణం 2: ఫుట్‌పాత్ మీద బైకులు

బొల్లార్డులు పెట్టమంటారు. వీల్‌చైర్ పట్టేంత సందు వదలాలి, ఆ సందులో స్కూటీ కూడా పడుతుంది. బొల్లార్డులు ఆపేది కార్లని, ఆటోల్ని. బైకు ఎందుకు ఎక్కుతోందో చూడాలంటే యూటర్న్ ఎంత దూరంలో ఉందో చూడండి. కిలోమీటరు తిరిగి రావాలంటే సగం మంది రాంగ్ సైడులో ఫుట్‌పాత్ మీదే వస్తారు. యూటర్న్ దగ్గరికి తేవడం ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడాల్సిన విషయం, టైల్స్‌తో తేలేది కాదు.

లక్షణం 3: సైకిల్ ట్రాక్‌లో సైకిళ్లు లేవు

ముందు అక్కడ కార్లున్నాయా చూడండి. ఉంటే అది ఆకుపచ్చ రంగు వేసిన పార్కింగ్. రంగుతో ఏదీ ఆగదు. పార్కింగ్ వరసని రోడ్డు వైపుకి జరిపి, ట్రాక్‌ని దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య పెట్టి, నడుమ కర్బు వేయండి. కారు తలుపు తెరిచినా సైకిల్‌కి తగలనంత జాగా వదలండి.

కార్లు లేకపోయినా ఖాళీగా ఉంటే, ట్రాక్ ఎక్కడ ఆగిపోతోందో చూడండి. ఎక్కువగా జంక్షన్‌కి ఇరవై ముప్పై మీటర్ల ముందే మాయమవుతుంది, అంటే సైకిల్‌కి అసలు భయం వేసే చోటే వదిలేశారన్నమాట. జంక్షన్ ముందు డిజైన్ చేయండి, మధ్యలోది తర్వాత. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ వ్యాయామానికి బాగానే ఉంటుంది. స్కూలుకి, కూరగాయల మార్కెట్‌కి వెళ్లే సైకిల్‌కి కావాల్సింది మాత్రం సందు చివర మొదలయ్యేది. రెండిటినీ ఒకే లెక్కలో కలిపి "మనవాళ్లు సైకిల్ తొక్కరు" అనకండి.

లక్షణం 4: జీబ్రా దగ్గర ఎవరూ దాటరు

జీబ్రా తప్పు చోట ఉంది. బస్సు ఆగేది ఒకచోట, గీతలు యాభై మీటర్ల అవతల. గీతల్ని మనుషుల దగ్గరికి తెండి. సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకి తిరిగే ఫ్రీ లెఫ్ట్ మలుపు మరీ గుండ్రంగా ఉంటే కర్బుని ముందుకి తెచ్చి మలుపు బిగించండి, బండి దానంతటదే నెమ్మదిస్తుంది, దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మాట ఎత్తేవాళ్లని ఒకసారి ఆ మెట్లు ఎక్కమనండి, అదే సూట్‌కేస్‌తో.

మిగతావి

టైల్ జారుతోంది, లైటు లేదు, కుక్కలున్నాయి, నీడ లేదు. ఇవన్నీ నిజమే, కానీ వీటి వల్ల మాత్రమే ఖాళీగా ఉన్న ఫుట్‌పాత్ అరుదు. జారే టైల్ అయితే మార్చేయండి, లైటు అయితే కంప్లైంట్ పెట్టండి. నీడకి అంచు పట్టీలో కానుగో వేపో నాటండి, కొమ్మలు తలకి తగలకుండా కత్తిరించే మనిషిని కూడా చూసుకోండి. అన్నీ అయ్యాక అదే సాయంత్రం వేళ మళ్లీ సూట్‌కేస్‌తో వెళ్లండి. ఒక్క గీత పడినా ఆ గేటు నంబరు రాసుకుని, బిల్లు పాస్ చేసేముందే కాంట్రాక్టర్‌కి చూపించండి.