మా పిల్లి నోటి కంపు ఎలా పోయిందంటే

మా పిల్లి ఆవలిస్తే చాలు మొహం తిప్పుకోవాల్సొచ్చేది, అంత కంపు. తిండి వాసనేలే అని చాన్నాళ్ళు వదిలేశా, అదే నా తప్పు. ఒకరోజు తల ఓ పక్కకి వంచి నములుతూ గింజ కింద పడేసి మళ్ళీ తీసుకుంటోంది, ఏంటా అని పెదవి ఎత్తి చూస్తే వెనక పళ్ళ మీద పసుపు గార, చిగుళ్ళ అంచున ఎర్రటి గీత.

డాక్టర్ మత్తిచ్చి స్కేలింగ్ చేసి, అంటే గార గీకేసి, ఒక పన్ను తీసేశారు. గట్టిపడ్డ గార బ్రష్‌తో పోదు, మెత్తటి పాచి మాత్రమే పోతుంది, అదేమో కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది కాబట్టి రోజూ తోమితేనే లాభం అన్నారు.

పుండు మానాక మొదటిరోజే బ్రష్ పెట్టబోతే చెయ్యి గీరేసి మంచం కిందకి దూరింది. ఇక దారి మార్చా. ఓ వారం వేలికి పిల్లుల పేస్ట్ రాసి నాకించడమే, ఇంకో వారం వేలితోనే రుద్దడం, ఆ తర్వాతే చిన్న మెత్తటి బ్రష్. మన పేస్ట్ మాత్రం అస్సలు వద్దు, పిల్లికి ఉమ్మడం రాదు కదా, ఫ్లోరైడ్‌తో సహా మింగేస్తుంది.

నోరు తెరిపించక్కర్లేదండీ, పెదవి కొంచెం ఎత్తి పళ్ళ బయటివైపు తోమితే చాలు, లోపలివైపు నాలుక కొంత చూసుకుంటుంది. గార ఎక్కువ పట్టేది పై దవడ వెనక పళ్ళకే, అందుకే అక్కడే మొదలుపెడతా.

ఇప్పుడు పేస్ట్ మూత తీసిన చప్పుడుకే వచ్చి కూర్చుంటోంది, ఎడమవైపు మాత్రం ఇంకా బేరాలే.