కనెక్షన్ డ్రైవర్ పాఠాలు – 4: ఈ క్వెరీ ఎవరు పంపారు?

అప్లికేషన్‌కీ డేటాబేస్ సర్వర్‌కీ మధ్య ఉండే డ్రైవర్ మనం రాయని క్వెరీలు కూడా పంపుతుంది. వాటిని తగ్గించడానికి, మూడో పాఠం చదివాక చాలామంది కనెక్షన్ యూఆర్ఎల్‌కి యూజ్‌లోకల్‌సెషన్‌స్టేట్=ట్రూ (సెషన్ స్థితి కోసం సర్వర్ దాకా వెళ్లకుండా డ్రైవర్ తన లెక్కే చూసుకునే సెట్టింగ్) తగిలించారు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు రెండు రకాలు. కొందరికి లాగ్‌లో పెద్దగా ఏమీ తగ్గలేదు. కొందరికి తగ్గింది గానీ, సేవ్ చేసిన డేటా కాసేపటికి మాయమవుతోంది. కనెక్షన్ తెరిచేటప్పుడు వెళ్లే క్వెరీల సంగతి వచ్చే పాఠంలో చూద్దాం. ముందు ఈ రెండూ తేలాలి. ఎప్పటిలాగే ఉదాహరణలన్నీ మైఎస్‌క్యూఎల్, దాని జావా డ్రైవర్ కనెక్టర్/జె, తెరిచిన కనెక్షన్లను దాచి మళ్లీ మళ్లీ వాడుకోనిచ్చే హికారీ పూల్ మీదే.

కొందరు హైబర్నేట్ (జావా కోడ్ నుంచి క్వెరీలు తయారుచేసే లైబ్రరీ) లాగ్ పంపి "ఇందులో అదనపు క్వెరీలేవీ లేవు కదా" అన్నారు. అందులో కనిపించవు. హైబర్నేట్ గానీ, పీ6స్పై (క్వెరీలను లాగ్ చేసే టూల్) గానీ డ్రైవర్‌కి పైన కూర్చుంటాయి. డ్రైవర్ తనంతట తాను పంపేది సర్వర్ దగ్గరే దొరుకుతుంది. టెస్ట్ సర్వర్‌లో జనరల్ లాగ్ (సర్వర్‌కి వచ్చిన ప్రతి క్వెరీనీ రాసే లాగ్) ఆన్ చేయండి, పని అవగానే ఆఫ్ చేయండి.

ఇక తగ్గలేదన్న వాళ్ల సంగతి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో ట్రాన్సాక్షనల్ అనొటేషన్ మీద రీడ్‌ఓన్లీ=ట్రూ పెట్టి ఒక్క సెలెక్ట్ నడిపితే లాగ్‌లో పడేది ఇది:

సెట్ సెషన్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ
సెట్ ఆటోకమిట్=0
సెలెక్ట్ …
కమిట్
సెట్ ఆటోకమిట్=1
సెట్ సెషన్ ట్రాన్సాక్షన్ రీడ్ రైట్

ఆటోకమిట్ అంటే ప్రతి క్వెరీ దానంతట అదే కమిట్ అయ్యే పద్ధతి; 0 అంటే ఆఫ్, 1 అంటే ఆన్. మీరు రాసింది ఒకటి, సర్వర్‌కి వెళ్లొచ్చింది ఆరు సార్లు. యూజ్‌లోకల్‌సెషన్‌స్టేట్ ఇక్కడ ఏమీ చేయలేదు. ఎందుకంటే ఇవి వృథా రిపీట్లు కావు, ప్రతిసారీ సెషన్ స్థితి నిజంగానే మారుతోంది. ఉన్న స్థితినే మళ్లీ పెట్టమన్నప్పుడు, లేదా స్థితి ఏంటని అడిగినప్పుడు మాత్రమే ఆ సెట్టింగ్ సర్వర్ దాకా వెళ్లకుండా ఆపుతుంది. పంపమన్నది ఫ్రేమ్‌వర్క్, పంపింది డ్రైవర్. కాబట్టి మందు కూడా వేరు.

మొదటి, చివరి లైన్లు పోవాలంటే యూఆర్ఎల్‌లో రీడ్‌ఓన్లీప్రాపగేట్స్‌టుసర్వర్=ఫాల్స్ పెట్టాలి. అప్పుడు కూడా రీడ్ ఓన్లీ కనెక్షన్ మీద అప్‌డేట్ రాస్తే డ్రైవరే అడ్డుకుంటుంది. నేనైతే దీన్ని అన్ని చోట్లా పెడతాను. ఆటోకమిట్ లైన్లు రెండూ పోవాలంటే పూల్‌లోనే ఆటోకమిట్ ఫాల్స్ పెట్టి, హైబర్నేట్‌కి ప్రొవైడర్_డిసేబుల్స్_ఆటోకమిట్ ద్వారా ఆ సంగతి చెప్పాలి. ఇది మాత్రం కొత్త ప్రాజెక్టుల్లోనే పెడతాను. పాత కోడ్‌లో ట్రాన్సాక్షన్ లేకుండా నడిచే అప్‌డేట్ ఒక్కటున్నా, కనెక్షన్ వెనక్కి వచ్చేటప్పుడు హికారీ దాన్ని రోల్‌బ్యాక్ (రద్దు) చేసేస్తుంది.

కనెక్షన్ బతికుందో లేదో చూడ్డానికి వెళ్లే సెలెక్ట్ 1 గురించి అడిగినవాళ్లకు: హికారీలో కనెక్షన్‌టెస్ట్‌క్వెరీ తీసేయండి చాలు, దాని బదులు లాగ్‌లో పింగ్ కనిపిస్తుంది.

ఇప్పుడు డేటా మాయమవడం. పంపిన కోడ్‌లలో కనిపించిన తప్పు ఒక్కటే: సెట్ ఆటోకమిట్=0 అని స్ట్రింగ్‌గా రాసి ఎగ్జిక్యూట్ చేయడం. దయచేసి ఇది మానేయండి. డ్రైవర్ ఆ స్ట్రింగ్‌ని చదివి తన లెక్క మార్చుకోదు. సర్వర్‌లో ఆటోకమిట్ ఆఫ్, డ్రైవర్ లెక్కలో ఇంకా ఆన్. పైగా కనెక్షన్ మీద కమిట్ మెథడ్ పిలిస్తే, ఆటోకమిట్ ఆన్‌లో ఉండగా కమిట్ కుదరదని డ్రైవర్ ఎర్రర్ ఇస్తుంది. దాంతో కమిట్‌ని కూడా స్ట్రింగ్‌గా రాసేస్తారు. అప్పటికి పని జరిగినట్టే ఉంటుంది. కానీ కనెక్షన్ అదే స్థితిలో పూల్‌లోకి వెళ్తుంది. సెట్‌ఆటోకమిట్ మెథడ్‌ని ఎవరూ పిలవలేదు కాబట్టి హికారీకి రీసెట్ చేయాలనే తోచదు.

తర్వాత అదే కనెక్షన్ తీసుకున్నవాళ్లు ట్రాన్సాక్షన్ లేకుండా ఒక ఇన్సర్ట్ చేస్తారు. ఎర్రర్ రాదు. అదే కనెక్షన్ నుంచి చూస్తే రో ఉంటుంది, ఇంకో కనెక్షన్ నుంచి చూస్తే ఉండదు. అప్‌డేట్ అయితే లాక్ అలాగే ఉండిపోతుంది. అదే రో కోసం వచ్చిన మరొకరు డిఫాల్ట్‌గా 50 సెకన్లు ఆగి లాక్ వెయిట్ టైమౌట్ తింటారు. చివరికి మ్యాక్స్‌లైఫ్‌టైమ్, అంటే డిఫాల్ట్‌గా 30 నిమిషాలు, నిండేసరికి హికారీ కనెక్షన్ మూసేస్తుంది, సర్వర్ రోల్‌బ్యాక్ చేస్తుంది. రో పోయింది. అప్లికేషన్ లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు.

మరి ఈ కోడ్ ఇన్నాళ్లూ ఎలా నడిచిందంటారా? మధ్యలో ఎవరో సెట్‌ఆటోకమిట్(ట్రూ) పిలిచినప్పుడల్లా డ్రైవర్ గుడ్డిగా సెట్ ఆటోకమిట్=1 పంపేది. దాంతో ఆగి ఉన్నదంతా కమిట్ అయ్యేది. యూజ్‌లోకల్‌సెషన్‌స్టేట్ పెట్టాక "ఆన్‌లోనే ఉందిగా" అనుకుని డ్రైవర్ పంపడం మానేసింది. సెట్టింగ్‌ని తిట్టుకుని తీసేయకండి. కోడ్‌లో ఆ స్ట్రింగులు వెతికి, సెట్‌ఆటోకమిట్, కమిట్ మెథడ్‌లతో మార్చండి. ఐసోలేషన్ లెవెల్‌కీ (ఒక ట్రాన్సాక్షన్‌కి ఇతరుల మార్పులు ఎంతవరకు కనిపించాలో చెప్పే సెట్టింగ్) ఇదే వర్తిస్తుంది.

అభ్యాసం: పూల్ సైజు 1, మ్యాక్స్‌లైఫ్‌టైమ్ 30 సెకన్లు పెట్టండి, హికారీ అంతకన్నా తక్కువ ఒప్పుకోదు. స్ట్రింగ్‌తో ఆటోకమిట్ ఆఫ్ చేసి కనెక్షన్ వెనక్కి ఇచ్చేయండి. వెంటనే మళ్లీ తీసుకుని, ఒక ఇన్సర్ట్ చేసి, అదీ వెనక్కి ఇవ్వండి. వేరే క్లయింట్‌లో ఇన్ఫర్మేషన్_స్కీమాలోని ఇన్నోడీబీ_టీఆర్ఎక్స్ టేబుల్ చూస్తూ ఉండండి. ఏ క్వెరీ నడవకపోయినా తెరిచే ఉన్న ట్రాన్సాక్షన్ అక్కడ కనిపిస్తుంది, దాని థ్రెడ్ ఐడీ జనరల్ లాగ్‌లోని ఐడీతో కలుస్తుంది. రో మాయమయ్యాక, ఆ ఐడీ మీదున్న ప్రతి లైన్ పక్కనా మీరా, ఫ్రేమ్‌వర్కా, పూలా, డ్రైవరా అని రాసి పంపండి.