డల్లాస్‌లో తొలి నెల: కవర్ల గురించి తర్వాత బాధపడొచ్చు

కొత్తగా వచ్చినవాళ్లందరికీ మొదటి వారం ఇంచుమించు ఒకేలా గడుస్తుంది. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి బియ్యం, కందిపప్పు, చింతపండు తెచ్చుకుంటాం. బిల్లు దగ్గర అబ్బాయి కొత్తిమీరకో కవరు, దోసకాయలకో కవరు, ఆ రెండూ పట్టేలా ఇంకో కవరు వేస్తాడు. ఇంటికొచ్చి లెక్కపెడితే పదమూడు. పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, పాతసామాన్లవాడికి వేసిన ఇళ్ల నుంచి వచ్చాం కదా, ఆ పదమూడు చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది.

నేను వచ్చి ఎనిమిదేళ్లయింది. మొదట్లో ఆ బాధకి పెరుగు డబ్బాలన్నీ కడిగి సింకు కింద పేర్చాను. నలభై దాటాక మా ఆయన "వీటితో ఏం కడతావు, ప్రహరీనా?" అన్నారు. అదే రోజుల్లో ఫ్రిస్కోలో ఉంటూ డౌన్‌టౌన్ డల్లాస్‌లో ఆఫీసుకి రోజూ రానూపోనూ 55 మైళ్లు కారు నడిపేదాన్ని. దాని గురించి ఒక్కరోజు కూడా నిద్ర పట్టకుండా పోలేదు. మనవాళ్లంతా అక్కడే ఉన్నారని ఎవరో చెబితే, వచ్చిన పదో రోజున లీజు మీద సంతకం పెట్టేశాం. అంతే.

ఏడాదికి 11,500 మైళ్లు తిరిగే మామూలు పెట్రోలు కారు 4.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. పెరుగు డబ్బాలు ఎన్ని కడిగితే అది సరిపోతుంది? అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ బుర్రంతా మొదటి నెలలో పెట్టే సంతకాల మీద పెట్టండి. ఇల్లు, కరెంటు, కారు. ఒకసారి పెట్టాక ఏడాది వరకూ కదలవు, కారైతే ఇంకా ఎక్కువ.

ఇంటి సంగతి. డల్లాస్, చుట్టుపక్కల కొన్ని ఊళ్లు కలిసి నడిపే 'డార్ట్' సంస్థ రైలు అన్ని ఊళ్లకూ లేదు. ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ అందులో సభ్యులు కావు. ఇర్వింగ్‌లో లాస్ కొలినాస్ మీదుగా ఆరెంజ్ లైన్ వెళ్తుంది, 2014 నుంచి ఎయిర్‌పోర్టు దాకా కూడా. ప్లేనో, రిచర్డ్‌సన్‌లకి రెడ్ లైన్ ఉంది. ఆఫీసు ఎక్కడో తెలిశాకే అపార్ట్‌మెంట్ చూడండి. రైలు కుదరకపోయినా పర్లేదు, ఆఫీసుకి పది మైళ్ల లోపు ఉంటే చాలు. ఇద్దరికీ చెరో కారు కొనే ముందు ఒక్క కారుతో మూడు నెలలు లాగి చూడండి. టెక్సాస్‌లో అసలు కారే లేకుండా బతకమని నేను చెప్పను, నేనూ బతకడం లేదు.

కరెంటు గురించి మాత్రం చాలామందికి తెలియదు. డల్లాస్, ఇర్వింగ్, ప్లేనోల్లో ఎక్కువ ఇళ్లకి కంపెనీని మనమే ఎంచుకోవాలి. గార్లండ్, డెంటన్‌లలో చాలా ఇళ్లకి ఆ అవకాశం లేదు, అక్కడ ఊరి సంస్థే ఇస్తుంది. అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక కంపెనీ కాగితం చేతిలో పెడతారు. కంగారుపడి దానికే ఫోన్ చేయక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడిపే 'పవర్ టు చూజ్' సైట్‌లో మీ జిప్ కోడ్ (ఇక్కడి పిన్ కోడ్) కొడితే బోలెడు ప్లాన్లు వస్తాయి. ప్రతి ప్లాన్‌కీ 'ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్' అని ఒక కాగితం ఉంటుంది. అందులో గాలి, సూర్యరశ్మి లాంటి వాటి వాటా ఎంత శాతమో రాస్తారు. నూటికి నూరు శాతం ఉన్న ప్లాన్లూ ఉంటాయి, అవన్నీ ఖరీదైనవేమీ కావు. అదే కాగితంలో 500, 1000, 2000 యూనిట్లకి రేటు వేరువేరుగా ఉంటుంది. వెయ్యి దగ్గర మాత్రం చవగ్గా చూపించి, 500 దగ్గర వాయించే ప్లాన్లు బోలెడు. ఒక బెడ్‌రూమ్ ఇంట్లో ఇద్దరుంటే ఆ 500 గడి చూడండి. పావుగంట పని. ఏసీ 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే బిల్లు కూడా తగ్గుతుంది.

ఇక చెత్త. రీసైక్లింగ్‌కి పెట్టే నీలం డబ్బాలో ఏదైనా వేసేయొచ్చనుకోకండి. పల్చటి కవర్లు వేరుచేసే మెషీన్లలో చుట్టుకుపోయి పని ఆపేస్తాయి. వాటిని కొన్ని సూపర్ మార్కెట్ల గుమ్మం దగ్గరుండే డబ్బాల్లో వేయాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో అసలు రీసైక్లింగ్ డబ్బానే ఉండదు. డల్లాస్ నగరంలో ఎనిమిది, అంతకు మించి ఇళ్లున్న కాంప్లెక్సులు 2020 నుంచి ఆ ఏర్పాటు చేయాలి. లేకపోతే అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి, మొహమాటం వద్దు.

మన ఫంక్షన్ల సంగతి అడక్కండి. మొన్న ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి అరవై మంది వస్తే, ప్లేట్లు, గ్లాసులు, అల్యూమినియం ట్రేలు కలిపి ఐదు పెద్ద సంచులు. డిష్‌వాషర్ ఉందిగా అన్నాను. తలుపు తీస్తే లోపల నిండా చేత్తో కడిగి ఆరబెట్టుకున్న గిన్నెలే! మనవాళ్లకి అది గిన్నెల స్టాండు. నిజానికి ఎనర్జీ స్టార్ గుర్తున్న (అంటే కరెంటు తక్కువ తీసుకునే) డిష్‌వాషర్ నిండా సర్ది ఒకసారి వేస్తే నాలుగు గ్యాలన్ల నీళ్లు కూడా పట్టవు. కుళాయి తిప్పి కడిగితే ఎంత పోతుందో మనకే తెలుసు. ఇప్పుడు మేం నాలుగు కుటుంబాలం కలిసి అరవై స్టీలు కంచాలు కొన్నాం. ఎవరింట్లో పూజైతే వాళ్లింటికి వెళ్తాయి. వందమంది వస్తే మాత్రం కాగితం ప్లేట్లే, ఆ రోజుకి ఏమీ అనుకోను.

ఇండియా ప్రయాణం మాటేమిటని అడుగుతారు. హైదరాబాద్ వెళ్లొస్తే మనిషికి రెండు టన్నులకు పైనే కార్బన్ డయాక్సైడ్. కానీ అమ్మానాన్నల్ని చూడటాన్ని ఈ లెక్కలో వేసి బాధపడటం నాకు నచ్చదు. రెండేళ్లకోసారి వెళ్లి, ఆఫీసు ఒప్పుకుంటే అక్కడి నుంచే కొన్నాళ్లు పనిచేసి, ఆరేడు వారాలుంటాను. ఇంట్లోవాళ్లకీ అదే ఇష్టం.

బట్టల గురించి చెప్పడం మర్చిపోయాను. మా అమ్మ ఒకసారి వీడియో కాల్‌లో డ్రయ్యర్ తిరగడం చూసి, "బయట అంత ఎండ కాస్తుంటే బట్టలకి కరెంటెందుకే?" అంది. మర్నాడే బాల్కనీలో తాడు కట్టాను. మూడో రోజున అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం: బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని లీజులో ఉంది, తీసేయండి. మడతపెట్టే స్టాండు ఒకటి కొని, లోపల గాజు తలుపు పక్కన పెట్టాను. జూలైలో ఏసీ గాలికే చొక్కాలు, చీరలు సాయంత్రానికల్లా ఆరిపోతాయి. తువ్వాళ్లు మాత్రం ఇప్పటికీ డ్రయ్యర్‌లోనే వేస్తాను. అమ్మకి చెప్పలేదు.